పల్లమెరుగు

సోవర్బీ బ్రిడ్జ్‌లో మా ఆఫీసు
ఒకప్పుడు ఉన్ని నేసిన మిల్లు.
కిటికీలోంచి కాల్డర్ నది, దాని పక్కనే లాకుల కాలువ.
నది దిగిపోతూ ఉంటుంది,
కాలువ పడవల్ని మెట్లెక్కిస్తూ ఉంటుంది.
మధ్యలో మేం పదకొండుమందిమి
వరద సైరన్‌కు బుద్ధి నేర్పుతుంటాం.

మంగళవారం మీటింగు.
మోరీన్ గ్రీన్‌వుడ్ బోర్డు మీద రాసింది: వాటర్‌ఫాల్.
జునైద్ దాని పక్కన ఒక గొట్టం గీశాడు.
ఇటు కోడ్ పోస్తే
టీ చల్లారేలోపు అటు ఊరికి చేరే గొట్టం.

మోరీన్‌ది నీలం ఫైలు. అందులో అరవై మూడు సంతకాలు.
"ఒక గది తలుపు మూశాకే ఇంకో గది" అంటుంది.
ఒక ఏడు తెల్లారుజామున మూడింటికి సైరన్ ఉత్తినే మోగిందట.
వాళ్ళ ఎదురింటి హాల్‌రాయిడ్
కార్పెట్ చుట్టి భుజాన వేసుకుని మేడమీదికి మోస్తూ
జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు.
బయట చుక్క వాన లేదు.
"సైరన్ ఒకసారి అబద్ధమాడితే
రెండోసారి ఎవరూ మంచం దిగరు."

జునైద్ గొంతు పెంచలేదు. తేదీలు చదివాడంతే.
మార్చిలో దొరికింది తప్పు: ఒక్క మైనస్ గుర్తు.
ఆ సాయంత్రమే దిద్దేశాడు.
ఆగస్టు వానకి
వంతెన కింది బేకరీలో పిండి బస్తాలు మునిగాయి,
మోగాల్సిన సైరన్ ఇరవై నిమిషాలు ఆలోచిస్తూ కూచుంది.
దిద్దిన మైనస్ గుర్తు అప్పటికి
పదిహేడో సంతకం దగ్గరుంది.

ఇద్దరూ నావైపు చూశారు. నేను టెస్టర్‌ని.
నిదానమే ప్రధానమని చెప్పిన నా భాషే
ఆలస్యం అమృతం విషమనీ చెప్పింది,
ఏ పూటకి ఏదో మాత్రం చెప్పకుండా తప్పుకుంది.
నీరు పల్లమెరుగు, సరే.
నిజాన్ని దేవుడికి వదిలేశారు మావాళ్ళు.
ఇక్కడ ఆ కుర్చీలో నన్ను కూచోబెట్టారు,
దాని చక్రం ఒకటి ఊడిపోయింది కూడా.

మధ్యాహ్నం శాండ్‌విచ్ పట్టుకుని లాకు దగ్గరికి పోయాను.
పచ్చ పడవ ఒకటి గోతిలో ఆగి ఉంది.
దాని యజమాని తలుపు దూలానికి వీపు ఆనించి తోస్తున్నాడు,
మొహం ఎర్రబడేదాకా.
కదల్లేదు.
అటూ ఇటూ నీళ్ళు ఒక మట్టానికి వచ్చాక
అతని కూతురు, ఏడేళ్ళుంటాయేమో,
నడుం ఆనించింది.
తెరుచుకుంది.

తిరిగొచ్చి జునైద్ గొట్టం మధ్యలో
నేనొక లాకు గీశాను.
పరీక్షలన్నీ మట్టానికి వస్తే దానంతటదే తెరుచుకోవాలి,
రాకపోతే మోరీన్ తోసినా, జునైద్ తోసినా కదలకూడదు.
మోరీన్ చాలాసేపు చూసింది.
"మట్టం ఇంత అని ఎవరు చెప్తారు?" అంది.
ఆ ప్రశ్న బోర్డు మీద ఇంకా ఉంది.
తుడిచేవాళ్ళు దాని చుట్టూ తుడుస్తున్నారు.

ఇవాళ ఆదివారం.
నాలుగొందల పన్నెండు పరీక్షలు పచ్చగా ఉన్నాయి.
ఒక్కటి మాత్రం మెషీన్ చెయ్యలేనిది.
సైకిలేసుకుని ఆ బేకరీ వీధికి వచ్చాను,
సన్నటి తుంపర, చెవుల మీంచి టోపీ తీశాను.
స్తంభం మీద సైరన్
ఒక్క సెకను, మాటిచ్చినట్టు, మోగి ఆగింది.
ఎక్కడో కుక్క మొరిగింది.
పైఅంతస్తు కిటికీ తెరిచి ఒకామె
ముందు ఆకాశాన్ని చూసింది,
తర్వాత నన్ను.