చేబదులు

తొమ్మిదో రోజుకల్లా సర్వర్ ఊపిరాడక పడిపోతుంది.
ఔలులో మధ్యాహ్నం మూడింటికే చీకటి.
తుయిరే లెక్క చూస్తోంది:
లేని ఫైలు కోసం వెతికిన ప్రతిసారీ
నూట తొంభై రెండు బైట్లు
చేబదులుగా వెళ్తున్నాయి, తిరిగి రావడం లేదు.

ఫైలు దొరికితే సరే, అణాపైసలతో జమ.
దొరక్కపోతేనే
ఆ ఫంక్షను పెరటి గుమ్మంలోంచి
చెప్పాపెట్టకుండా జారుకుంటోంది.

రాసిందెవరు?
వెయ్కో.
పదకొండేళ్ల కిందటి వెయ్కో, బతికున్న వెయ్కో.

ఒక్క లైను చేర్చింది: పట్టుకున్నది వదిలెయ్.
రాత్రంతా గ్రాఫు చదునుగా, గడ్డకట్టిన నదిలా.

పొద్దున కోటు తీస్తుంటే తలుపు వెనక
మంచు తొలిచే బర్మా.
చేపలకని వెయ్కోని అడిగి తెచ్చింది.
వాళ్ళావిడ కూడా ఊళ్ళో లేదిప్పుడు.

తుయిరే దాని మొనకి నూనె రాసి
మళ్ళీ అక్కడే పెట్టింది.