అందుకునే గొంతులు

బల్లరాట్ ఆసుపత్రిలో ఉదయం ఏడున్నర.
బయట జులై చలి, కార్ల అద్దాల మీద తెల్లటి పొర.
పిత్తాశయం తీసేముందు
ఫియోనా అడిగింది:
"ఏ పాట పెట్టమంటావు? నీకు బాగా ఇష్టమైంది చెప్పు."

ఎలా చెప్పను, దానికి పేరు లేదు.
కోరుట్లలో, రేకుల షెడ్డు కింద
చాటలు ఒళ్లో పెట్టుకుని
మా అమ్మతో కలిపి పదకొండు మంది
తునికాకు కత్తిరిస్తూ పాడేవాళ్లు.
ఒకరు మొదలెడితే పదిమంది అందుకునేవారు.

అందులో టేకేదారు తొండ.
తూకంలో ఆకు నొక్కేస్తాడు,
బాలేవని కట్టకు రెండు బీడీలు తీసి పారేస్తాడు.
ఆయన గుమ్మంలోకి రాగానే
తొండ కాస్తా రామచిలకయ్యేది.
బాణీ మాత్రం మారేది కాదు.
తనూ తలూపేవాడు, పాపం.

నేనిక్కడ బ్రెడ్డు ఫ్యాక్టరీలో
పద్నాలుగేళ్లుగా "యెస్ డేరెన్" అంటున్నాను.
ఆ మాట కింద ఏ బాణీ నడుస్తోందో
డేరెన్‌కి తెలీదు.

"ఫోన్లో దొరకదు" అన్నాను.
"అయితే నువ్వే పాడు."
ఒక్క చరణం పాడి ఆగాను.
తర్వాతది నాది కాదు,
అందుకునేవాళ్లది.

ఏం అర్థమైందో ఏమో,
మాస్కు లోపలి నుంచి ఫియోనా
"ఊఁ" అంది, శ్రుతి తప్పి.

మత్తు డాక్టరు
పది నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నాడు.
నేను ఇరవై ఐదు నుంచి మొదలెట్టాను.
మా కట్టకు అంతే.
ఇరవై నాలుగు. ఇరవై మూడు.
అక్కడ, వాడు పారేసిన రెండూ గుర్తొచ్చాయి.
ఏరి తెచ్చి కలుపుకుని
మళ్లీ ఇరవై ఐదన్నాను.