పదిహేడు ముళ్ళు

ఇండ్రిథి గురక పెడుతుంటే నాకు నిశ్చింత.
ఆగినప్పుడే సూదులందుకుంటాను.
చీకట్లో, వేళ్ళ గుర్తుతో
ఒక ముడి, రెండు,
పదకొండు...
కిటికీ బయట అకురేరి రేవులో
పడవల తాళ్ళు కిర్రుమంటుంటాయి.
పదిహేడో ముడి దగ్గర
మునిగినవాడు పైకి తేలినట్టు
ఒక్క ఎగశ్వాస.
మళ్ళీ గురక.

పొద్దున
(పొద్దు పదకొండింటికి గాని రాదిక్కడ, ఈ నెలల్లో)
ఎండుచేపకి వెన్న రాసుకుంటూ
"మొద్దులా పడుకున్నాను" అంటాడు.
నిద్ర సుఖమెరగదంటారు గాని
నిద్ర అసలేమీ ఎరగదు.
ముప్పై ఏళ్ళు ట్రాలర్ ఇంజన్ల చప్పుడు విని
జబ్బు చెప్పిన మనిషి
తన ఇంజన్ ఆగడం
ఒక్కసారీ వినలేదు.
ఒంటి మీదున్న ఆ స్వెట్టర్ మొత్తం
అతను ఊపిరి తియ్యని కాలమే.
వెచ్చగా ఉందంటాడు.

నా మాట నమ్మలేదు, నెత్తురు మాట నమ్మాడు.
ఆస్పత్రిలో తెల్లవారుజామున
సోల్‌రూన్ మూడు గొట్టాలు నింపింది,
ఊదా మూత, పసుపు మూత, ఆకుపచ్చ మూత.
వారానికి కాగితమొచ్చింది.
వాపు సంగతి చెప్పే ప్రోటీన్ ఎక్కువ.
గుండె కండరం నలిగితే రాలే ట్రోపోనిన్
ఉండాల్సిన గీతకి వెంట్రుకవాసి పైన.
"ఇది పొగ" అంది డాక్టర్,
"నిప్పెక్కడో ఇంకా వెతకాలి.
ఒక్క కాగితంతో ఏదీ తేల్చలేం."
ఆచితూచి మాట్లాడే మనిషి ఆవిడ.
నాకు మాత్రం ఆ అంకెలు
ఎక్కడో చూసినట్టే ఉన్నాయి,
దశాంశ బిందువు తర్వాత
నా ముళ్ళనే ఎవరో విప్పి
శుభ్రంగా రాసిపెట్టినట్టు.

అతను కాగితాన్ని వెలుతురుకి పట్టాడు,
ఆయిల్ కడ్డీ తీసి చూసినట్టు.
"లోపల ఇంత జరుగుతుంటే
నేనెక్కడున్నాను?"

ఇప్పుడు మాస్కు. సన్నటి గాలి హోరు
తెల్లార్లూ.
ఖాళీల్లేవు.
రెండో స్వెట్టర్ ఎడమ చెయ్యి
మోచేతి దగ్గరే ఆగిపోయింది.
నేను మేలుకునే ఉంటున్నాను,
వినడానికేమీ లేకపోయినా.

మొన్న సోల్‌రూన్‌ని అడిగాను,
పక్కన మేలుకున్నవాళ్ళ నెత్తుట్లో
ఏం రాసుంటుందని.
ఫారం అటూ ఇటూ తిరగేసింది.
దానికి గడి లేదంది.
కాసేపాగి,
లేచి తలుపు దగ్గరగా వేసి
నా చొక్కా చెయ్యి
పైకి మడిచింది.