తాగినంత

మొదటి మీటింగుకి పదకొండు కుర్చీలు వేయించాను.
ఎవరూ కూర్చోలేదు.
జీడితోట గట్టు మీద నిలబడి
నా చేతిలో నీలం కాగితం వైపు చూశారు,
పోయినసారి వచ్చినాయన కాగితం కూడా
ఈ రంగే అన్నట్టు.

"అరవై వేల లీటర్ల ట్యాంకు" అన్నాను.
"పన్నెండు స్తంభాలు. ఎనిమిది నెలలు.
దుమ్ము లేస్తుంది. చప్పుడవుతుంది.
దారి ఇటు మూస్తాం, అటు తెరుస్తాం."
కాలేజీలో గాలి బరువు కూడా లెక్కకట్టించారు.
ఇలాంటి మాటల బరువు ఎవరూ నేర్పలేదు.

దమయంతి ముందుగా నోరు విప్పింది.
జీడిపిక్కల జిడ్డుకి నల్లబడిన వేళ్ళెత్తి,
"దుమ్మంటే ఎంత దుమ్మమ్మా?
మా పప్పు ఆరీది ఇక్కడే.
నలక పడిందంటే సేటు కిలోకి ఇరవై కోసీస్తాడు."
డ్రాయింగులో ఆ చోటి పేరు: ఖాళీ స్థలం.
పెన్సిలుతో కొట్టేసి
'దమయంతి కళ్ళం' అని రాశాను.
ఇసక కుప్ప నలభై అడుగులు జరిగింది,
కంట్రాక్టరు మొహం ఇంకో నలభై.

ఆ తర్వాత రోజూ ఎవరో ఒకరు.
మేక తాడు ఊచల్లో చిక్కుకుందని,
రాత్రి లైటు కళ్ళల్లో కొడుతోందని,
గోతి చుట్టూ తాడు కాదు తడిక కట్టమని,
తాడు పిల్లల్ని ఆపదు, ఉయ్యాలవుతుందని.
షెడ్డు తలుపుకి ఒక నోటుబుక్కు వేలాడదీశాను.
రాయడం రానివాళ్ళకి మేస్త్రి జోగినాయుడు రాసిపెట్టేవాడు,
తన మీద ఫిర్యాదులు కూడా,
ఒక్క పొల్లు పోకుండా.

నీలాచలం ఏమీ రాయించలేదు.
రాసింది పక్కింటి పిల్ల:
"మంగళవారం, శుక్రవారం మా పెద్దనాన్న
సోంపేట నుంచి రెండు గంటలకి వచ్చి పడుకుంటాడు.
అప్పుడు మిల్లరు ఆపండి."
ఎందుకు వెళ్తాడో రాయలేదు.
ఉద్దానంలో అది రాయక్కర్లేదు.
మోచేతి కింద ఉబ్బిన నరం చాలు.

ఆ రెండు రోజులూ కాంక్రీటు పోత
తెల్లారగట్ల అయిదుకే మొదలెట్టాం.
ఊరికి ముందే చెప్పాం.
కోళ్ళకి చెప్పలేదు.

మొదటి వరస స్తంభాలకి గోనెపట్టాలు చుట్టిన సాయంత్రం
ఆయనే వచ్చాడు, మూడుచోట్ల ఆగి.
"గట్టిపడిపోనాది గదమ్మా, ఇంకా నీళ్ళేటి?"
"పైకే గట్టి. లోపల ఇంకా తాగుతోంది.
పద్నాలుగు రోజులు దాహం తీరకపోతే
కనబడకుండా బీటలిస్తుంది."
చాలాసేపు స్తంభాన్నే చూశాడు.
"నాకు రోజుకి ముప్పావు లీటరే రాసినారు,
మందులేసుకోడానికి కలిపి.
మరి దీనికో?"

"తాగినంత."

నవ్వాడు.
నేను తలదించుకుని టేపు చుట్టుకున్నాను,
చుట్టేసి ఉన్న టేపునే.

మర్నాటి నుంచి గొట్టం ఆయన చేతిలో.
కూలి వద్దన్నాడు. కుర్చీ తీసుకున్నాడు,
ఆ పదకొండిట్లో ఒకటి.
ఆసుపత్రి లేని రోజుల్లో పొద్దున్నా సాయంత్రమూ
గోనె తడిసి, కారి, అడుగున బురదయ్యేదాకా పట్టి
"తాగీ, తాగీ" అనేవాడు
దూడతో అన్నట్టు.
పొడి నాలుక పెదవుల మీద ఒకసారి తిప్పుకుని
పక్క స్తంభానికి కుర్చీ జరుపుకునేవాడు.

ఎనిమిది నెలలన్నాను. పదకొండయింది.
ఆ మాట నోటుబుక్కులో ఎవరూ రాయలేదు,
మొహం మీదే అడిగారు.

ప్రారంభం శుక్రవారం పెట్టారు.
షామియానా, పూలదండలు, స్తంభానికి కట్టిన మైకు.
దమయంతి పప్పు మీద గుడ్డ కప్పి వచ్చింది.
ఈసారి కుర్చీలు చాల్లేదు.
ఒకటి మాత్రం ఖాళీ. ఇంకా సోంపేటలోనే ఉండుంటాడు.

పన్నెండున్నరకి నోటుబుక్కు ఆఖరి పేజీ తీసి
నా చేత్తో రాశాను:
రెండు గంటలకి మైకు ఆపండి.