తోపుడు కూలి

బ్రేకు కీచుమంటోందని
సునాబెడ నుంచి ఘాటీ దిగొచ్చిన దీప్తిరంజన్ బాబు
సుంకిలో నా షెడ్డు ముందు ఆపేడు దాన్ని.
నా తొడంత లావు గొట్టం, దాని కడుపులో బ్యాటరీ,
మొసలి వీపులాంటి టైర్లు.
ఎత్తి చూశాను. పాతిక కిలోలకి తగ్గదు.
సైకిలంటే ఒంటిచేత్తో కొక్కేనికి తగిలించేది,
ఇదేటి, బియ్యం బస్తాకి పెడళ్లు బిగించినట్టు!

ప్యాడ్లు మార్చాను. డిస్కు మీద జిడ్డు తుడిచాను.
"పొట్టంగి వైపు నాలుగు మలుపులెక్కి దిగి చూడు,
నేను టీ తాగుతుంటాను" అన్నాడు,
సగం తెలుగు, సగం ఒడియా.

మొదటి తొక్కు.
వెనక నుంచి ఎవరో తోశారు.
తిరిగి చూశాను.
రోడ్డు, చెక్‌పోస్టు కర్ర, దాని నీడలో కుక్క.
రెండో తొక్కుకీ తోశారు.
మళ్లీ చూశాను. అదే కుక్క.

ఆ తోపు నాకు తెలుసు.
పదకొండేళ్లప్పుడు నేనూ బుదురా
ఈ మలుపు కిందే రాతి మీద కూర్చునేవాళ్లం.
సాలూరు నుంచి ఎండుచేపల బుట్టలు కట్టుకుని
కూర్మయ్య సైకిలు వచ్చేది, పొట్టంగి సంతకి.
అతను హ్యాండిలు పట్టుకుని నడిచేవాడు,
మేం క్యారేజీకి భుజాలానించి తోసేవాళ్లం.
కళ్లల్లో చెమట, ముక్కుల్లో నెత్తళ్ల కంపు.
పైకి చేరాక మనిషికో రూపాయి.
బేరం లేని వారాల్లో
కాగితంలో చుట్టిన గుప్పెడు నెత్తళ్లు,
"ఈపాలికి ఇయ్యే ఒరే."

ఇప్పుడు వెనక ఎవడూ లేడు, తోపు ఉంది.
రొప్పు లేదు.
తోసేవాడికి ఊపిరుండాలి కదా,
వేడిగా నడుం మీద తగలాలి కదా.
సీసాలో ఈగ తిరుగుతున్నట్టు
సన్నటి రొద, అంతే.

నా రొప్పు కూడా లేదు కాబట్టి
ఘాటీ వినపడింది.
లోయ అవతల గొడ్డలి లేచి దిగడం ముందు కనపడి
చప్పుడు తర్వాత వచ్చింది.
వలిసె పూసిందని అప్పుడు చూశాను,
కొండ వాలంతా పసుపు.
ఇన్నేళ్లూ ఈ ఎక్కుడులో నేను చూసింది
ముందు చక్రం, దాని కింద గులకరాళ్లు.

మూడో మలుపులో చోళ్ల మూట నెత్తినెత్తుకుని
ఎక్కుతున్న మనిషి ఆగింది.
నా తెల్లజుట్టూ, చెమట పట్టని మొహమూ, ఈ వేగమూ
ఒకదానికొకటి పొసగలేదామెకి.
బండా, సైకిలా అని దేశియాలో అడిగింది.
నాకూ తెలీదన్నాను.
మూట కదలకుండా నవ్వింది.
దాటిపోతుంటే సిగ్గేసింది.
కష్టపడుతున్నట్టు కనపడాలని
గట్టిగా తొక్కాను.
అది ఇంకా గట్టిగా తోసింది.

నాలుగన్నాడు, ఏడు ఎక్కాను.
చదును తగిలి, వేగం పాతిక దాటగానే
చెయ్యి తీసేసింది.
మేమూ సరిగ్గా అక్కడే వదిలేవాళ్లం.
వదిలి, పక్కకొచ్చి, అరచెయ్యి చాపేవాళ్లం.
కాలు నేలకానించి ఆగాను.
తెలీకుండానే జేబు తడుముకున్నాను:
షెడ్డు తాళం, స్పోకు కీ, ఒక రూపాయి బిళ్ల.

బుదురా పదేళ్లు హైదరాబాదు బట్టీల్లో ఇటుకలు మోసి
మోకాళ్లు అక్కడే వదిలేసి వచ్చాడు.
కర్ర లేకుండా వాకిలి దాటడు.
వాడికి ఇది చూపించాలనీ అనిపించింది,
చూపించకూడదనీ.

దిగేటప్పుడు బ్రేకు అరవలేదు.
"ఎలా ఉంది?"
"అరుపు పోయింది."
"అది కాదు, సైకిలు?"
సిగరెట్టు పెట్టె అట్ట మీద లెక్క రాసిచ్చాను.
ప్యాడ్లు ఆరువందల ఏభై, కూలి వంద,
వెరసి ఏడువందల నలభైతొమ్మిది.
నాకు కూడికలు రావనుకున్నాడేమో,
ఏమీ అనకుండా
ఫోన్లో అంతే పంపాడు.