అద్దం లేని కిటికీ

నెల్లూరు నుంచి దొరవారిసత్రం దాకా
ప్యాసింజరు పెట్టెలో పులిహోర వాసన మాదే.
నాయన మోకాళ్ళ మీద అట్టపెట్టె,
అందులో పదకొండు జతల గులాబీరంగు రెక్కలు.
పక్షుల పండగలో బడిపిల్లల ఆటకని
సంతపేట కొట్లో మూడు రాత్రులు మిషను తొక్కి
నిద్రలో కూడా కాలాడించాడు నాయన.

కొలత తప్పి మిగిలిన పన్నెండో జత
మా పెంచల్ గాడు ఇంటికాడే తొడిగేసుకున్నాడు,
విప్పమంటే ఏడుపు.
టీసీ వచ్చి వాడి రెక్క పట్టి చూసి
"పక్షులకి టికెట్టు లేదులే" అని నవ్వుకుంటా పోయాడు.

నేలపట్టులో కడప చెట్ల నిండా గూడబాతులు,
రేషను కొట్టు ముందు
ఖాళీ సంచులు పట్టుకున్న పెద్దమనుషుల్లాగా.
చెట్లన్నీ సున్నం కొట్టినట్టు రెట్ట.
మేం ముక్కులు మూసుకున్నాం, అవ్వ మూసుకోలేదు.
ఆమె పుట్టిల్లు ఆ పక్క పల్లె.
"ఈ నీళ్ళు పారితే మడికి ఎరువు అక్కర్లేదురా.
ఆడకూతుళ్ళు పురిటికొచ్చినట్టు వస్తాయి.
పిల్లలకి రెక్కలొచ్చిందాకా
టపాకాయ కాల్చనిచ్చేవోడు కాదు మా నాయన."

రెక్కల పెట్టె సూళ్ళూరుపేటలో అప్పగించి
ఉచిత బస్సెక్కి అటకానితిప్పకు పోయినాం.
ఆ ఏడు వానలు చాల్లేదు.
పులికాటు తన నీళ్ళు తాను ముడుచుకొని
దూరంగా జరిగి కూర్చునుంది.
రోడ్డుకి రెండు పక్కలా ఉప్పు పొర, నెర్రెలు.
టెలిస్కోపు ముందు వరస, మనిషికి పది లెక్కలు.
"ఒకటీ, రెండూ" అని కాలేజీ కుర్రోడు లెక్కపెడతా ఉంటే
కన్ను యాడ పెట్టాలో పెంచల్‌కి తెలిసేసరికే పదయిపోయింది.
నాకు ఒక గులాబీ గీత,
అదీ ఎండమావిలో ఊగతా.
అవ్వ శుక్లాల కంటితో చూసి
"ఎవురో చీరె ఆరేసినారు" అంది.
నాయన తన పది లెక్కలూ పెంచల్‌కిచ్చాడు.
అమ్మ వరసలో లేదు.
క్యారేజీ, నీళ్ళసీసాలు, మా చెప్పులు,
వాటి కాడ కూర్చోనుంది.

సాయంత్రం బడి మైదానంలో
రెక్కలు వేదికెక్కినాయి.
పాట అయ్యేదాకా ఒంటికాలి మీద నిలబడాలంట.
మూడో పిల్ల తూలి నాలుగో పిల్లను పట్టుకుంది,
వరసంతా కూలింది, మైదానమంతా ఈలలు.
నాయన కుట్లనే చూస్తుండాడు.
"ఒక్కటీ పిగల్లేదు" అన్నాడు
పక్కనున్నాయనతో, ఆయనెవరో.

ఇన్నేళ్ళకి, మొన్న,
కొట్లో జాకెట్టుకి హుక్కులు కుడతా అమ్మ అంది:
"తిప్ప నుంచి తిరిగొచ్చేటప్పుడు
అద్దం లేని కిటికీ కాడ కూర్చున్నా గదా,
దుమ్ము మీకు కొట్టకుండా కొంగు అడ్డం పట్టుకొని.
మీరంతా నిద్ర.
తూము కాడ బస్సు నిదానమయ్యింది.
గుంటలో కాసిని నీళ్ళు, ఆ నీళ్ళల్లో ఒక యాభై.
చెయ్యి చాపితే అందుతాయి.
తలకాయ తలకిందులు పెట్టి
చేటలో బియ్యం చెరిగినట్టు మేస్తుండాయి.
ఒకటి లేచింది. రెక్క విప్పితే లోపల,
అబ్బ, ఏం రంగు!
మీ నాయన తెచ్చిన గుడ్డ కాదు అది."

మమ్మల్నెందుకు లేపలేదన్నాను.
అమ్మ దారం కొరికింది.
"లేపితే పెంచల్‌గాడు అరిచేవోడు, అవి ఎగిరిపొయ్యేవి.
అయినా నాకు పది లెక్కలు వద్దా?"

మిషను ఆగింది.
నాయన కండెల డబ్బా తెచ్చి
బల్ల మీద కుమ్మరించాడు.
"ఏ రంగో చూపించు."
అమ్మ ఒక కండె తీసింది,
వెలుతురుకి పట్టింది, పెట్టేసింది.
ఇంకోటి తీసింది.