నూట పదమూడో పేజీ

అడిక్‌మెట్ బ్రిడ్జి దిగినంక
జిరాక్సు మిషిన్ల వేడి దాటితే
ఒక రేకుల షెడ్డు. అది నాదే.
మైదా ఉడికిన వాసన, అండ్ల చిటికెడు మైలుతుత్తం,
పురుగులకు చదువు రుచి తగలకుండ.

నాది ఏడో తరగతి కాడ ఆగిన చదువు.
ఈ చేతుల మీదికెళ్లి నాలుగు వేల మంది
డాక్టర్లయి పోయిండ్రు.
ఒక్కలకు సూదేసుడు రాదు.

మార్చి నెలాఖరుకు ఉరుకుతొస్తరు,
ఐదేసి కాపీలు చంకల పెట్టుకొని
లగ్గం ముహూర్తం మించిపోతున్నట్టు.
బానోతు రవళిది ఎర్ర రెక్సిన్:
ఆముదపాకు తినే పురుగు ఏ జాముల నిద్రపోతదో
రాజేంద్రనగర్ పొలంల టార్చిలైటు పట్టుకొని చూసింది.
పురుగు పండుకుంది గని
ఐదేండ్లు ఆమె పండుకోలే.
నుస్రత్ ఫాతిమాది కుడి దిక్కు కుట్టాలె, ఉర్దూ;
యాకుత్‌పురా తల్లులు జోలపాటల సందున
మొగుళ్లను తిట్టిన తిట్లు, మూడు వందల పేజీలు.
"అన్నా, జర గట్టిగ కుట్టు, మా ఆయన చింపకుండ"
అని నవ్వింది.
నేను నవ్వలే. రెండు దారాలేసిన.

లెక్కల పిలగాడు సుదర్శనాచారిది నలభై ఒక్క పేజీలే.
అంత సన్నని వీపు మీద బంగారు అక్షరం నిలవది.
ఏం రాసినవ్ బిడ్డా అంటే ముళ్ల గురించన్నడు.
తుమ్మముళ్లేమో అనుకున్న. కాదు, దారం ముళ్లు.
నా కుట్టుదారం అందుకొని ఒకటేసి చూపిచ్చిన,
నలభై ఏండ్ల నుంచి ఊడని ముడి.
"ఇది ముడే కాదు తాతా" అన్నడు,
"రెండు కొసలు కలిస్తేనే ముడి."
ఆ రాత్రి అన్నం తినుకుంట గూడ అదే యాది.

ఇగ నేను చేసిన తప్పు చెప్పాలె.

ఒక యేడు, కరెంటు పోయిన రాత్రి
రెండు థీసిస్‌లు ఒక్క బల్ల మీద ఉండె.
ఒకటి మూసీ అడుగు బురదల సీసమెంతున్నదో
చాదర్‌ఘాట్ నుంచి నాగోలు దాంక తోడి, తూచింది.
ఇంకోటి నిజాం జమానా కల్లు కాంపౌండుల బాకీ పద్దు,
ఎవరు తాగిండ్రు, ఎవరు ఎగ్గొట్టిండ్రు.
నూట పదమూడులు తారుమారైనయి.
ఐదు కాపీలల్ల ఐదు.
బురద లెక్కల నడుమ
"గోలి ఎంకమ్మ, మూడు ముంతలు, కాలి కడియం కుదువ"
వొచ్చి కూసున్నది.
బాకీల నడుమకు సీసం పోయింది.

గైడ్లు సంతకాలు పెట్టిండ్రు.
వైవాలైనయి, సమోసాలైనయి, శాలువాలైనయి.
ఎవ్వలు అడగలే. నాకూ తెల్వదు,
తొమ్మిదేండ్లకు, శ్రావణం ముసురుల
జంగం స్వర్ణ అనే పిల్ల
తడిసిన చున్నీతోని షెడ్డు ముందట నిలబడేదాంక.
మూసీల గుర్రపుడెక్క మీద ఆమె పని.
బురద పుస్తకం తెరిస్తే ఎంకమ్మ తగిలిందట.
"నూట పద్నాలుగు కోసం
మూడు నెలలు లైబ్రరీ బీరువాలన్ని తిరిగిన తాతా.
నాకు సంబంధం లేని బీరువాలు."

నా చేతులకు మైదా. చెమట తుడుసుకోరాలే.
పుస్తకాలు తే బిడ్డా, సరిచేస్త అన్న.
"బయటికియ్యరు. ఇచ్చినా తేను."
మరి దొరికిందా అని అడిగిన, ఆ పద్నాలుగు.
దొరికిందన్నది.
కడియం ఇడిపించుకున్నదా?
పిల్ల వాన దిక్కు చూసింది.
"లేదు."

నిన్న స్వర్ణది కుట్టిన. ఆకుపచ్చ రెక్సిన్.
పక్కన ఇంకెవరిదో ఉన్నది,
గబ్బిలాల చెవులో, గోలకొండ మెట్లో, సరిగ చూడలే.
నూట పదమూడు కాడ చెయ్యి ఆగింది.
కరెంటు ఉన్నది. కండ్లద్దాలున్నయి.
సరిగనే కుట్టిన.
సరిగనే కుట్టిననుకుంట.